కాఫీ, క్యాన్సర్: కప్పులో ఏం చూసుకోవాలి, కప్పు పక్కన ఏం చూసుకోవాలి

మామూలుగా ఇంట్లోనో హోటల్లోనో తాగే కాఫీ వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి గట్టి రుజువు లేదు. కాలేయ క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ విషయంలోనైతే కాఫీ తాగేవాళ్లకు ముప్పు కొంత తక్కువగానే కనిపిస్తోంది. కప్పులో ముఖ్యంగా జాగ్రత్త పడాల్సింది ఒకటి ఉంది, అది వేడి. నాలుక చుర్రుమనేంత వేడిగా రోజూ తాగితే అన్నవాహికకు చేటు. కాఫీ అయినా చాయ్ అయినా ఒకటే లెక్క. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు కాఫీ కన్నా చాయ్ తాగేవాళ్లే ఎక్కువ కాబట్టి, కింద వేడి గురించి రాసిందంతా చాయ్ గ్లాసుకు కూడా వర్తిస్తుందనుకుని చదవండి.

రెండో సంగతి కప్పు బయటిది. కాఫీతో పాటు వేళ్ల మధ్య బీడీ వెలుగుతుంటే, బుగ్గన తంబాకు ఉంటే, కాఫీ గురించి దిగులుపడటంలో అర్థం లేదు. ముందు దాని సంగతి చూడాలి.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది

1981లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కాఫీకి, క్లోమ గ్రంథి క్యాన్సర్‌కు సంబంధం ఉన్నట్టు ఒక అధ్యయనం ప్రచురించారు. అది పేపర్లకెక్కింది. అసలు లోపం రోగులను ఎవరితో పోల్చారన్న దగ్గర ఉంది. పోలికకు తీసుకున్నవాళ్లలో చాలామంది కడుపు, పేగు జబ్బులతో అవే డాక్టర్ల దగ్గరికి వచ్చినవాళ్లు. కడుపులో మంట అని వాళ్లు అప్పటికే కాఫీ తగ్గించేశారు. తక్కువ తాగేవాళ్లను పక్కన పెట్టి చూస్తే రోగులు ఎక్కువ తాగినట్టే కనిపిస్తారు కదా. తర్వాతి పరిశోధనల్లో ఆ సంబంధం నిలబడలేదు.

1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కాఫీని '2బి' గుంపులో పెట్టింది. అంటే మూత్రాశయ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు అని. అక్కడ అడ్డం వచ్చింది పొగ. కాఫీ బాగా తాగేవాళ్లలో పొగ తాగేవాళ్లు ఎక్కువ. పొగాకులోని విషాలు రక్తంలో కలిసి, మూత్రంతో బయటికి పోతూ మూత్రాశయం గోడకు తగులుతాయి. పొగ లెక్కను సరిగ్గా విడదీయకపోతే ఆ నింద కాఫీ మీద పడుతుంది.

2016 జూన్‌లో అదే సంస్థ వెయ్యికి పైగా అధ్యయనాలను ముందేసుకుని, 23 మంది శాస్త్రవేత్తలతో మళ్లీ తూచింది. కాఫీని 2బి నుంచి తీసేసి '3'లోకి మార్చింది. క్యాన్సర్ కలిగిస్తుందని చెప్పేందుకు ఆధారాలు చాలవు అని దాని అర్థం. క్లోమం, రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లకు కాఫీ కారణమని ఏమీ కనిపించలేదని కూడా చెప్పింది. అయితే అదే రోజు ఇంకో మాట చెప్పింది, దాన్ని జనం సరిగా పట్టించుకోలేదు: 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో తాగే పానీయాలు ఏవైనా '2ఎ', అంటే బహుశా క్యాన్సర్ కలిగించేవి.

ఈ గుంపుల అంకెలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. అవి రుజువు ఎంత గట్టిదో చెప్తాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. పొగాకు, మద్యం, వక్క, బూజు పట్టిన గింజల్లో పుట్టే అఫ్లాటాక్సిన్, ఇవన్నీ 1వ గుంపులో ఉన్నాయి. ఒకే గుంపులో ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే మోతాదులో చంపుతాయని కాదు.

వేడి ఏం చేస్తుంది

ఇరాన్ ఈశాన్యంలోని గొలెస్తాన్ ప్రాంతంలో అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువ. అక్కడ దాదాపు 50,000 మందిని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్ల ముందే చాయ్ కప్పులో థర్మామీటర్ పెట్టి, ఏ వేడి దగ్గర తాగడం మొదలుపెడతారో కొలిచారు. 2019లో వచ్చిన ఫలితం ఇది: రోజుకు 700 మిల్లీలీటర్లకు మించి, 60 డిగ్రీలు లేదా అంతకన్నా వేడిగా తాగేవాళ్లలో, తక్కువగా, చల్లార్చుకుని తాగేవాళ్లకన్నా అన్నవాహిక క్యాన్సర్ సుమారు 90 శాతం ఎక్కువ. చైనాలో 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, సలసలమనే చాయ్‌తో పాటు మద్యం కూడా బాగా తాగేవాళ్లలో ముప్పు ఐదు రెట్లు, పొగ కూడా తాగేవాళ్లలో రెండు రెట్లు కనిపించింది.

కారణం ఊహించడం కష్టం కాదు. అన్నవాహిక లోపలి పొర పలచటిది. రోజుకు నాలుగైదు సార్లు కాలి, మళ్లీ మళ్లీ కొత్త కణాలతో పూడుకుంటుంటే, ఆ కణాలు విడిపోయేటప్పుడు పొరపాట్లు దొర్లే అవకాశం పెరుగుతుంది. కాలిన పొర మీదుగా మద్యం, పొగాకు రసాయనాలు దిగితే అవి సులువుగా లోపలికి ఇంకుతాయి. ఊదుకుంటూ తాగేవాళ్లకు మూతి దగ్గర కాలకపోవచ్చు గానీ, పెద్ద గుటక ఒకేసారి మింగితే ఆ వేడి ఛాతీ వెనక దాకా దిగుతుంది. 'గొంతులోంచి వేడిగా దిగుతుంటేనే తాగినట్టుంటది' అనే మాట మనవైపు పెద్దవాళ్ల నోట తరచూ వింటాం. ఆ వేడి తెలుస్తున్న చోటే దెబ్బ తగులుతోంది.

సంస్థ చెప్పిన గీత 65. గొలెస్తాన్‌లో తేడా కనిపించింది 60 దగ్గర. కాబట్టి ఇంట్లో గీత 60 దగ్గర పెట్టుకోవడం మంచిది. 55-60 మధ్య కాఫీ రుచి కూడా బాగా తెలుస్తుంది. అంతకు మించిన వేడిలో నాలుకకు వేడి తప్ప కాఫీ తెలియదు.

60 డిగ్రీలు ఎలా తెలుసుకోవాలి

వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. సన్నటి స్టీలు పుల్ల, పైన అంకెలు కనిపించే డబ్బా ఉన్న రకం. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు. అది 42-43 డిగ్రీల దాకే చూపిస్తుంది, గాజుదైతే వేడికి పగిలి పాదరసం కప్పులో పడుతుంది. కొన్నాక ముందు దాన్ని సరిచూడాలి. గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా పుల్లను నీళ్ల మధ్యలో, అడుగుకు తగలకుండా పెట్టండి. వరంగల్ ఎత్తులో నీళ్లు దాదాపు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. 98-100 చూపిస్తే సరే. 95 చూపిస్తే అది నాలుగు డిగ్రీలు తక్కువ చెప్తోందని రాసి పెట్టుకోండి.

తర్వాత మీరు రోజూ తాగే గ్లాసులో, రోజూ పోసుకునే కొలతతో కాఫీ పోసి, పుల్లను మధ్యలో పెట్టి గడియారం చూడండి. ఎన్ని నిమిషాలకు 60కి దిగిందో అదే మీ లెక్క. ఇది ఒక్కరి లెక్క ఇంకొకరికి సరిపోదు. మందపాటి పింగాణీ కప్పులో ఆలస్యంగా చల్లారుతుంది, వెడల్పు మూతి గిన్నెలో త్వరగా చల్లారుతుంది, పైన మీగడ కడితే ఇంకా ఆలస్యం. మే నెల ఎండల్లో ఓసారి, డిసెంబరు చలిలో ఓసారి కొలిస్తే చాలు, ఆ తర్వాత థర్మామీటర్ అక్కర్లేదు.

థర్మామీటర్ లేనివాళ్లకు స్టీలు గ్లాసు పరీక్ష ఉంది. అంచు దగ్గర కాకుండా, కాఫీ ఉన్న మట్టానికి గ్లాసు నడుమును అరచేత్తో పట్టుకోండి. చెయ్యి తీసేయాలనిపిస్తే ఆగండి. సుఖంగా పట్టుకోగలిగితే తాగండి. స్టీలు వేడిని దాచుకోదు, లోపల ఎంత ఉందో బయటా దాదాపు అంతే తెలుస్తుంది. పేపర్ కప్పుతో, పింగాణీతో, రెండు పొరల స్టీలు మగ్గుతో ఈ పరీక్ష మోసం చేస్తుంది. చెయ్యి చల్లగానే ఉంటుంది, నోరు కాలుతుంది.

ఇల్లు కాని చోటే ఎక్కువ జరుగుతుంది తప్పు. కాజీపేట జంక్షన్‌లో రైలు ఆగిన రెండు నిమిషాల్లో కప్పు ఖాళీ చేయాలని ఊదుతూ, తలెత్తి గుటకేస్తారు. అక్కడ చేయాల్సింది సులువే: కప్పుతో పాటు బండెక్కి సీట్లో కూర్చుని తాగడం, లేదా ఇంకో ఖాళీ కప్పు అడిగి రెండింటి మధ్య నాలుగుసార్లు పోసుకోవడం. చాయ్‌ని సాసర్‌లో పోసుకుని తాగే పాత అలవాటు నామోషీ అనుకుని వదిలేశారు గానీ, అన్నవాహికకు అంతకన్నా మంచి అలవాటు లేదు. పలచగా పరుచుకున్న చాయ్ క్షణాల్లో చల్లారుతుంది. ఇంట్లో తాతకు, అవ్వకు ఇచ్చేటప్పుడు సాసర్ కూడా పెట్టి ఇవ్వండి. వయసు పైబడినవాళ్లకు నోట్లో వేడి సరిగా తెలియకపోవచ్చు.

వేడి ముందే తగ్గేలా కలుపుకోవడం

చల్లారేదాకా ఆగే ఓపిక అందరికీ ఉండదు. కలిపేటప్పుడే వేడి తగ్గించడం నయం. ఫిల్టర్ కాఫీలో ఆ వీలు ఉంది.

రెండు కాఫీలకు ఫిల్టర్ పై గిన్నెలో సుమారు 18 గ్రాముల పొడి, అంటే మూడు పెద్ద చెంచాలు (టేబుల్ స్పూన్లు) వేయండి. చెంచాతో సమం చేసి, నొక్కే బిళ్లను మెల్లగా పెట్టండి, అదిమి తొక్కకూడదు. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగి, 150 మిల్లీలీటర్లు వలయంగా పోయండి. మూత పెట్టి 15-20 నిమిషాలు వదిలేయండి. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి కింద 110-115 మిల్లీలీటర్ల డికాక్షన్ దిగుతుంది. చుక్క దిగకపోతే పొడి మరీ మెత్తగా ఉన్నట్టు, లేదా బిళ్లను గట్టిగా అదిమినట్టు. చికోరి (కాఫీ పొడిలో కలిపే, వేయించిన ఒక వేరు పొడి) ఎక్కువున్న పొడి తడిస్తే ఉబ్బి రంధ్రాలు మూస్తుంది, అప్పుడూ ఇదే తంటా. రెండు నిమిషాల్లో అంతా దిగిపోయి నీళ్లలా ఉంటే పొడి గరుకుగా ఉంది, లేదా పొడిని సమం చేయకుండానే నీళ్లు పోశారు.

డికాక్షన్‌ను మళ్లీ వేడి చేయకండి. ఇక్కడే వేడి లెక్క ఉంది. 50 మిల్లీలీటర్ల డికాక్షన్ గది వేడిలో, 30 డిగ్రీల దగ్గర ఉండి, అందులో 95 డిగ్రీల పాలు 100 మిల్లీలీటర్లు పోస్తే కలిసింది 73 డిగ్రీలు అవుతుంది. అదే డికాక్షన్‌ను 80 దాకా కాచి పోస్తే 90 అవుతుంది. మొదటి రకాన్ని గ్లాసు నుంచి గిన్నెకు నాలుగైదుసార్లు ఎత్తి పోస్తే నురగ వస్తుంది, వేడి 60 దిక్కు దిగుతుంది. రెండో రకాన్ని ఎంత ఎత్తి పోసినా తాగేటప్పుడు వేడిగానే ఉంటుంది. ఎండాకాలం గది వేడి 40 ఉంటే మొదటి రకం కూడా 76-77 దగ్గర ఉంటుంది, ఇంకో రెండుసార్లు ఎత్తి పోయాలి.

మనవైపు ఎక్కువ ఇళ్లలో ఇన్‌స్టంట్ పొడే. దానికి ఇదే కిటుకు ఇంకోలా చేయవచ్చు. కాఫీ పొడి, చక్కెరను కాచి చల్లార్చిన పాలు 50 మిల్లీలీటర్లలో ముందు బాగా గిలకొట్టి, పైన మరిగిన పాలు 100 మిల్లీలీటర్లు పోయండి. చల్లటి పాలలో పొడి ఉండలు కడితే ఒక చెంచా వేడి నీళ్లతో ముందు ముద్ద చేసుకోండి. పొడిని గిన్నెలో పాలతో పాటు వేసి తెర్లించడం వద్దు. చేదెక్కుతుంది, పైగా కప్పులో పడేటప్పటికి 90 పైనే ఉంటుంది.

చాయ్‌కి ఈ వీలు లేదు, అంతా కలిపి మరిగిస్తాం కాబట్టి. అక్కడ సాసరో, ఎత్తి పోయడమో, ఆగడమో, వీటిలో ఏదో ఒకటి.

మాడిన వాసన, ఆక్రిలమైడ్

కాఫీ గింజలు వేయించేటప్పుడు ఆక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుంది. 120 డిగ్రీలు దాటిన వేడిలో, గింజలోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో కలిసినప్పుడు వస్తుంది. ఆలుగడ్డ చిప్స్‌లో, ఎర్రగా కాలిన రొట్టెలో కూడా ఇదే ఉంటుంది. తిండిలో ఇది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 1994లోనే ఇది 2ఎ గుంపులో ఉంది. ఎలుకలకు క్యాన్సర్ వచ్చింది గానీ, వాటికి ఇచ్చిన మోతాదు మనుషులు తిండిలో తీసుకునేదానికి వేల రెట్లు. మనుషుల్లో కాఫీ ఆక్రిలమైడ్‌తో క్యాన్సర్ పెరిగినట్టు అధ్యయనాల్లో తేలలేదు. కాలిఫోర్నియాలో 2018లో ఒక న్యాయమూర్తి కాఫీ దుకాణాల్లో క్యాన్సర్ హెచ్చరిక పెట్టాల్సిందేనన్నారు. ఆ వార్త ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్ర ప్రభుత్వం కాఫీకి ఆ హెచ్చరిక అక్కర్లేదని నిబంధన తెచ్చిన సంగతి మాత్రం ఎవరూ పంపరు.

ఇక్కడ చాలామంది తిరగేసి అనుకునేది ఒకటుంది. నల్లగా వేయించిన గింజలో ఆక్రిలమైడ్ ఎక్కువ అనుకుంటారు. నిజానికి వేయించడం మొదలైన కొద్దిసేపట్లో అది పెరిగి, ఇంకా వేగుతుంటే విరిగిపోయి తగ్గుతుంది. లేత రంగు వేపుడులోనే ఎక్కువ.

ఎంపికలో అసలు తేడా తెచ్చేది చికోరి. యూరప్ దేశాలు 2017లో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం వేయించిన కాఫీలో ఆక్రిలమైడ్ కిలోకు 400 మైక్రోగ్రాముల లోపు, ఇన్‌స్టంట్‌లో 850 లోపు ఉండేలా చూడాలి. ఉత్త చికోరికి ఆ గీత 4,000. ఈ పైగీతలతోనే లెక్క కడితే, ఒక కాఫీకి వాడే 9 గ్రాముల పొడిలో ఉత్త కాఫీ అయితే 3.6 మైక్రోగ్రాములు, 80 పాళ్లు కాఫీ 20 పాళ్లు చికోరి అయితే దాదాపు 10, సగం సగానికి దగ్గరగా 51-49 అయితే 19 పైన. మీ డబ్బాలో ఇంతే ఉందని కాదు, చికోరి పెరిగేకొద్దీ ఎలా పెరుగుతుందో చూడటానికి ఈ లెక్క. మన దేశంలో చికోరి కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. కిరాణంలో ప్యాకెట్ తిప్పి ఆ అంకె చదవండి. చాలా చవకగా వచ్చేదాంట్లో 49 ఉండటం మామూలే. దీని గురించి భయపడి కాఫీ మానాల్సిన పని లేదు, కొనేటప్పుడు తక్కువ చికోరి ఉన్నది తీసుకుంటే సరి. ఇంకో మాట: పొగ తాగేవాళ్ల ఒంట్లో ఆక్రిలమైడ్ గుర్తులు తాగనివాళ్లకన్నా మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ.

పొడిని తడి తగలకుండా బిగుతు మూత డబ్బాలో పెట్టండి. ఆవిరి వస్తున్న గిన్నె మీద డబ్బా వంచి పొడి వేయడం వల్లనే ఎక్కువగా తడి చేరుతుంది. వానాకాలంలో ముక్కవాసన వచ్చినా, బూజు చారలు కనిపించినా మొత్తం పారేయండి, పైపైన తీసి వాడొద్దు.

రోజుకు ఎన్ని

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. 150 మిల్లీలీటర్ల కప్పులో డికాక్షన్ కాఫీ అయితే 80-120, ఇన్‌స్టంట్ అయితే 50-65, చాయ్‌లో 30-65 మిల్లీగ్రాములు ఉంటాయని అందులోనే ఉంది. రెండు ఇన్‌స్టంట్ కాఫీలు, మూడు నిండు కప్పుల చాయ్ కలిస్తే పైఅంకె ప్రకారం 325, అంటే దాటిపోయినట్టే. ఆఫీసుల్లో జరిగేది ఇదే: కాఫీ రెండే అని లెక్క చెప్తారు, చాయ్ లెక్కలోకి రాదు. హోటల్ చాయ్ గ్లాసు చిన్నది, దాన్ని సగం కప్పుగా వేసుకోండి. గర్భిణులకు 200 లోపు. ఈ హద్దు నిద్ర, గుండె దడ, బీపీ కోసం పెట్టింది, క్యాన్సర్ కోసం కాదు.

అదే సంస్థ భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, చాయ్ వద్దంటుంది. తిండిలోని ఇనుమును ఒంట్లోకి పోనివ్వవు. రక్తం తక్కువున్న ఆడవాళ్లు ఐరన్ గోలీ వేసుకుని వెంటనే చాయ్ తాగితే ఆ గోలీ చాలావరకు వృథా. థైరాయిడ్ గోలీ పరగడుపున నీళ్లతోనే వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి.

చక్కెరను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కప్పుకు రెండు చెంచాలు, రోజుకు నాలుగు కప్పులంటే 40 గ్రాములు, కాఫీలోనే. 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒళ్లు పెరగడానికి, గర్భసంచి, కాలేయం, పెద్దపేగు లాంటి 13 రకాల క్యాన్సర్లకు సంబంధం ఉందని 2016లోనే తేల్చారు. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. ఒకేసారి మానేస్తే మూడోరోజుకే మళ్లీ మొదలవుతుంది.

పేపర్ కప్పు, కవర్ పార్సిల్

ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో చెప్పింది: 85-90 డిగ్రీల వేడి ద్రవం 100 మిల్లీలీటర్లు పేపర్ కప్పులో 15 నిమిషాలు ఉంటే, లోపలి ప్లాస్టిక్ పొర నుంచి సుమారు 25,000 సూక్ష్మ రేణువులు కలుస్తాయి. వీటితో క్యాన్సర్ వస్తుందని రుజువు కాలేదు. అయినా తప్పించుకోవడం చాలా సులువు కాబట్టి తప్పించుకోవాలి. హోటల్లో గాజు గ్లాసు అడగండి. పార్సిల్‌కు పాలిథిన్ కవర్ బదులు ఇంటి నుంచి స్టీలు క్యానో ఫ్లాస్కో పట్టుకెళ్లండి. ఫ్లాస్కులో ఒక చిక్కుంది, గంట తర్వాత కూడా 70 పైనే ఉండొచ్చు. పోసుకున్నాక మళ్లీ ఆగాల్సిందే.

కాఫీ మందు కాదు

కాలేయ క్యాన్సర్ గురించి వచ్చిన మంచి వార్తను అతిగా చదవకూడదు. 2016 సమీక్షలో రోజుకు ఒక కప్పు పెరిగేకొద్దీ కాలేయ క్యాన్సర్ ముప్పు 15 శాతం తక్కువగా కనిపించింది. శాతం చదివేటప్పుడు దేని మీద శాతమో చూడాలి. లెక్క కోసం వెయ్యి మందిలో పది మందికి జబ్బు వస్తుందనుకుంటే, 15 శాతం తగ్గితే ఎనిమిది, తొమ్మిది మందికి వస్తుంది. మిగతా 990 మందికి కాఫీతో తేడా లేదు. పైగా ఇవన్నీ గమనించి చెప్పినవి, కాఫీ ఇచ్చి, ఇవ్వకుండా పోల్చి చూసినవి కావు. కాఫీ అలవాటు లేనివాళ్లు క్యాన్సర్ భయంతో కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు.

కాలేయాన్ని కాపాడేవి వేరే ఉన్నాయి. పుట్టిన బిడ్డకు హెపటైటిస్ బి టీకా, మద్యం మానడం, బూజు పట్టిన పల్లీలు, మక్కలు, మిర్చి వంటింట్లోకి రానివ్వకపోవడం. ఈ మూడోది మన ప్రాంతానికి ముఖ్యమైనది. ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి కల్లంలో వానకు తడిసి నల్లబడితే, ఆ తాలు కాయను అమ్ముడుపోలేదని ఇంటి కారానికి ఆడించడం చాలా చోట్ల ఉంది. అఫ్లాటాక్సిన్ వండినా, వేయించినా పూర్తిగా పోదు. తడిసిన కాయ ఏరి పారేయాల్సిందే, ఇంటికి గానీ పశువుకు గానీ పెట్టకూడదు.

కాఫీ ఎనిమా (మలద్వారం గుండా పేగులోకి కాఫీ ఎక్కించడం) పేరుతో క్యాన్సర్ తగ్గిస్తామనే ప్రచారాలను అసలు నమ్మకండి. పేగు కాలడం, ఒంట్లో లవణాలు తారుమారై ప్రాణం మీదికి రావడం జరిగాయి. కణితి మీద అది పనిచేసిందని రుజువు లేదు. ఆ ప్రయత్నాల్లో పోయే రెండు మూడు నెలలే చికిత్సకు అక్కరకొచ్చే రోజులు.

కీమో నడుస్తున్నవాళ్లు కాఫీ తాగవచ్చా అంటే, చాలామంది తాగవచ్చు, గోరువెచ్చగా, పలచగా, రోజుకు ఒకటో రెండో. నోట్లో పుండ్లు ఉన్నప్పుడు, విరేచనాలు అవుతున్నప్పుడు ఆపాలి. వాడుతున్న మందుల చీటీ చూపించి చికిత్స చేస్తున్న డాక్టర్‌ను అడిగాకే.

ఎప్పుడు కప్పు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలి

అన్నం ముద్ద ఛాతీ దగ్గర ఆగినట్టుండి నీళ్లు తాగితే గానీ దిగకపోవడం అన్నవాహిక క్యాన్సర్‌కు మొదటి గుర్తు కావచ్చు. మొదట రొట్టె, మాంసం ఆగుతాయి, తర్వాత అన్నం, చివరికి చాయ్ కూడా. మనిషి తెలియకుండానే మెత్తటి తిండికి మారిపోతాడు, 'పండ్లు లేవు కదా, అందుకే జావ తాగుతుండు' అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అక్కడే నెలలు గడిచిపోతాయి. ఇది రెండు వారాలు దాటి ఉంటే ఎండోస్కోపీ చేయించాలి. గ్యాస్ గోలీలతో నెట్టుకురావద్దు. రెండు మూడు వారాలకూ మానని నోటి పుండు, నోట్లో తెల్ల మచ్చ, మూత్రంలో రక్తం, ముట్లు ఆగిన తర్వాత మళ్లీ రక్తం కనపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటికీ అంతే.

బీడీ, గుట్కా, జర్దా అలవాటున్నవాళ్లు, బీడీలు చుట్టే పనిలో రోజంతా తంబాకు మధ్య కూర్చునే అక్కలు, ఏ గుర్తూ లేకపోయినా నోరు చూపించుకోవాలి. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఊరి ఉపకేంద్రాల్లో నోటి, రొమ్ము, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ఉచితంగా చేసే కార్యక్రమం ఉంది. ఆశ కార్యకర్తను అడిగితే ఏ రోజు చేస్తారో చెప్తారు. అనుమానం తేలితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి, అక్కడి నుంచి అవసరమైతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పంపుతారు. ఆధార్, రేషన్ కార్డు, ఇదివరకు తీసిన స్కానింగ్‌లు, గోలీల చీటీలు ఒకే సంచిలో పెట్టుకుని పోండి. ఎంత వేడిగా తాగుతారో, ఎన్నేళ్లుగా పొగాకు వాడుతున్నారో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.